సుద్ద మీద తేలిన గీత

కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో క్రేన్లు చూసుకునే శ్రీకాకుళం పెద్దాయన ఒకరుండేవారు. రోజూ పొద్దున్నే క్రేను కొక్కేనికి కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్దపొడి అద్ది కాసేపు చూసేవారు. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు సుద్ద మీద గీతలా తేలుతుంది.

ఇంజినీరింగు విద్యార్థిగా శిక్షణకు వెళ్లిన నేను, ఆ కొక్కెం వంపులో ఒత్తిడి లెక్కగట్టి, బరువుకు ఆగుతుందని చెప్పాను. తర్వాత బంద్‌తో రేవు మూతపడింది. అది ముగిసిన మర్నాడు పెద్దాయన సుద్ద అద్దితే, వంపు లోపలివైపు సన్నటి గీత తేలింది.

"నీ లెక్కలో ఈ బీట ఉందేటి, బాబూ?" అన్నారాయన.

లేదు.

ఓడకు ఆలస్యమవుతోందని బెంగాలీ సూపర్‌వైజరు కేకలేశాడు. "ఒక్కసారికి ఏమీ కాదు, ఎత్తించు!"

"ఎత్తిస్తాను దాదా. కిందనున్న కూలోళ్లని పంపించేసి వాళ్ల చోట నువ్వు నిల్చో."

సూపర్‌వైజరు కొక్కెం వైపు ఓసారి చూసి వెనక్కి జరిగాడు. పెద్దాయన అప్పటికే పాత కొక్కెం విప్పుతున్నారు.