కారు ఆగిపోయిన చోట

పన్నెండేళ్ళ క్రితం కోల్‌కతా భవానీపూర్‌లోని ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. అప్పటికి నేను విమానమే ఎక్కలేదు. ఒకరోజు గంగ ఒడ్డునున్న బడ్జ్ బడ్జ్ నుంచి నరసమ్మగారు వచ్చారు. ఇటలీలోని వెనిస్‌లో నర్సుగా ఉన్న కూతురి పురిటికి వెళ్తున్నారావిడ. అక్కడి విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి బస్సుంది, పడవుంది, టాక్సీ ఉంది.

"మోకాళ్ళ నొప్పులు కదా పిన్నిగారూ, టాక్సీ ఎక్కండి. గుమ్మం ముందు దింపుతాడు" అన్నాను ధీమాగా.

ఆవిడ అక్కడ దిగిన రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు.

"అమ్మా, పిల్లకి నొప్పులొచ్చి ఆస్పత్రిలో సేర్పించినారట. అల్లుడూ అక్కడే ఉన్నాడు. కారోడు నన్ను నీళ్ళ ఒడ్డున దింపీసి ఎలిపోనాడు. ఇక్కడితో రోడ్డు అయిపోనాదట! ఏటి సెయ్యాల?"

ఆ ఊళ్ళో కార్లు తిరగవని నాకప్పుడే తెలిసింది. కంప్యూటర్‌లో దారి వెతుకుతుంటే ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఉండమ్మా, గొడుగులమ్మే బెంగాలీ అన్న ఒకడున్నాడు. పడవ ఆస్పత్రి కాడే ఆగుతాదని సెప్తన్నాడు. నలబై ఏళ్ళు గంగ దాటినదాన్ని, పడవెక్కలేనేటి?"

సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది. ముందు పసిపిల్ల ఏడుపు, తర్వాత ఆవిడ గొంతు వినిపించాయి. "మనవరాలమ్మా!"

తిరిగొచ్చాక నేను క్షమాపణ చెప్పబోతే, "నీకు తెలిసినంత దూరం నువ్వే తీసుకెళ్ళినావు గదమ్మా" అని నవ్వేశారు.

ఇప్పుడు దారులన్నీ ఫోనే చెప్పేస్తోంది. అయినా "నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను" అని ఎవరితోనైనా అన్నప్పుడల్లా ఆ నవ్వు చెవిలో పడుతుంది.

– సుజాత, కోల్‌కతా