మొక్కు నాది, మోకాలు వదినది

ప్యాడెల్ అనే ఆట ఒకటుందన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా అన్న భార్య, స్వరూప వదిన. అద్దాల గోడల మధ్య ఇద్దరిద్దరు జట్టుగా ఆడతారు. బంతి గోడకు తగిలి తిరిగొచ్చినా కొట్టొచ్చు. అంత మంచి ఆటను నేను గుడిలో ఎలా ఓడగొట్టానో చెబుతాను. నవ్వండి, కానీ వదిన ముందు మాత్రం కాదు.

మాది కోరుట్ల. బడికి పోకుండా అమ్మ దగ్గరే చదువుకున్నదాన్ని కనుక నాకు స్తోత్రాలు వచ్చు, కీళ్ల సంగతి తెలియదు. వదిన పుట్టిల్లు సిరిసిల్ల. మోకాలికి ఆపరేషనయ్యాక గోడలు పట్టుకొని నడక నేర్చుకొని, మళ్లీ రాకెట్ పట్టింది. హైదరాబాద్ పోటీకి జట్టును ఎంచబోతున్నారని ఇద్దరం జగిత్యాలకు శిక్షణకు వెళ్లాం.

ఎంపికకు ముందురోజు కోచ్ సార్ సెలవిచ్చాడు. "కాళ్లకు రెస్టియ్యుండ్రి. బిగుసుకపోకుండ జర నడువుండ్రి, గంతే." ఆ చివరి ముక్క ఒక్కటే నా బుర్రకెక్కింది.

"వదినా, ఇంత దగ్గరికొచ్చి కొండగట్టు గుడి చూడకుండ పోతమా?"

"రెస్టన్నడు గదనే."

"నడువుమని గూడ అన్నడు!"

కొండ మీద గాలి, కోతులు, కొబ్బరి వాసన. వదిన చిన్నపిల్లలా ఫొటోలు దిగింది. అక్కడితో బస్సెక్కినా బాగుండేది.

"ఒక్కటి చెప్పుడు మర్చిన వదినా. నీ ఆపరేషన్ నాడు మొక్కిన. మోకాలు మంచిగైతే నీతోని నూటెనిమిది ప్రదక్షిణలు చేపిస్తనని."

"నువ్వు మొక్కి, నా కాళ్లా?"

"మోకాలు నీదే గదా!"

ఇంతటి తర్కం విని వదిన చెప్పులు విప్పింది. పెనంలాంటి బండల మీద ఉత్తకాళ్లతో వదిన, వెనక జపమాలతో లెక్కపెడుతూ అంపైర్‌లా నేను.

"పద్మా, గుంజుతున్నదే."

"సగంల ఆపితే దోషం వదినా. దేవుణ్ని తలుసుకో."

"తలుసుకుంటనే ఉన్న. నిన్ను గూడ తలుసుకుంటున్న."

పూర్తిచేసింది. పొద్దుగూకేసరికి మోకాలు గుమ్మడికాయంత అయ్యింది. మర్నాడు మొదటి బంతికే కాలు మడతపడి, అద్దానికి కొట్టుకొని కూలిపోయింది.

"నిన్న ఏం జేసిండ్రు?" అన్నాడు సార్.

"జర నడిచినం సార్," అన్నాను నేను.

ఇక ఈ జన్మకు ఆట వద్దన్నాడు డాక్టర్. తిరుగు బస్సులో నేను వెక్కుతుంటే వదిన కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "ఏడ్వకే. మోకాలు మంచిగైందని మొక్కు తీర్చినం. మొక్కు తీరింది, మోకాలు పాయె. లెక్క సరిపాయె."

ఇంట్లో మాత్రం ఆటలో పడ్డాననే చెప్పింది. ఆ దయకు రోజూ దేవుడికి దండం పెడుతున్నాను.

కాబట్టి ఇదే నా ప్రతిజ్ఞ: ఇకమీదట ఎవరి మేలు కోరినా నా కాళ్లతో తీరే మొక్కులే మొక్కుతాను. మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు మా స్వరూప వదినను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకుంటే చాలు. దయచేసి ఏమీ మొక్కకండి.