చైను పడిన చోట

మా దూదేకుల మామ పోయాడు. కబురు తెచ్చినవాడు బడంగ్‌పేట రైతు. పొద్దున బడిలో హాజరు తీసుకుంటున్నాను. అతను గుమ్మం బయటే నిలబడి, "సారూ, మీ మామ నిన్న మాపటికి మా ఇంట్ల పానం ఇడిసిండు" అన్నాడు. పరుపుల్లోకి దూది ఏకడానికి పోయాడట. ఇక్కడినుంచి పన్నెండు మైళ్లు ఎండలో నడిచి, భుజం మీది దూదేకే విల్లు గోడకు ఆనించి, మంచినీళ్లు అడిగాడట.

"చెంబు దెచ్చెటాలకు గోడకు ఒరిగిండు సారూ. నడిసి నడిసి అలిసిండు, నిద్రవట్టిందనుకున్నం" అన్నాడు రైతు.

నడిచి నడిచి. ఆ మాట దగ్గరే నా చెవి ఆగిపోయింది. అరవై దాటాయి, కాలం తీరింది అని ఇబ్రహీంపట్నంలో నలుగురూ అంటున్నారు. అననీయండి. ఆయనను నడిపించింది ఇద్దరు మనుషులు. ఒకడు గడీలో ఉన్నాడు. రెండోవాడు ఇది రాస్తున్నాడు.

మామ అంటే మా అమ్మకు తోబుట్టువేమీ కాదు. ఆయన నమాజు ఆయనది, మా పూజలు మావి. రెండిళ్లకూ నడుమ ఒక మొండిగోడ. మా బాపు ఆయనను 'బావా' అని పిలిచేవాడు కనుక నాకు మామ అయ్యాడు. నేను పుట్టిన నాటినుంచి మూడేళ్ల కిందటిదాకా నన్ను 'బిడ్డా' అనే పిలిచాడు. మా ఇంట్లో నేను పడుకున్న ప్రతి బొంతా, తల పెట్టిన ప్రతి మెత్తా ఆయన ఏకిన దూదే.

ఆయన సైకిలు మా ఊళ్లోకి వచ్చిన మూడోదో నాలుగోదో. పట్నంలో ఎవరో సర్కారు నౌకరు వాడి వాడి విసిగి వదిలేసిన బండి. రెండు మేకలిచ్చి తెచ్చుకున్నాడు. అప్పటిదాకా విల్లు మోసుకుని రోజుకు ఒక ఊరు తిరిగేవాడు, ఆ తర్వాత మూడూళ్లు తిరిగాడు. విల్లును హాండిలు నుంచి వెనక సీటు దాకా పొడుగునా కట్టేవాడు. బండి జోరుగా పోతుంటే గాలికి విల్లు నరం జుమ్మని మోగేది. బాలాపూర్‌లో ఆడవాళ్లు ఆ చప్పుడు వినే గట్టిపడిన పరుపులు తెచ్చి వాకిట్లో పడేసేవారు.

శుక్రవారం విల్లు ముట్టేవాడు కాదు. మధ్యాహ్నం నమాజు చేసి వచ్చి వాకిట్లో గోనెపట్టా పరిచి సైకిలు విప్పేవాడు. వారం వారం విప్పాల్సినంత రోగం ఏ సైకిలుకూ ఉండదు. ఆయనకు విప్పడం ఇష్టం, అంతే. విప్పిన వరుసలోనే నట్లు, ఇనుప గుండ్లు, చైను పేర్చి, ఆముదంలో తడిపిన గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేవాడు. "ఇప్పిన వరుస యాదుంటె బిగిచ్చుడు అల్కగ" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు: "ఇప్పరానోడు ఎక్కొద్దు." పట్నం సైకిలు దుకాణం గడప ఆయన బండి ఏనాడూ తొక్కలేదు.

నాకు బడిలో నౌకరీ దొరికి నేనూ ఒక సైకిలు కొన్నాను. కొన్న వారానికే పంచరైంది. దుకాణానికని పట్నం వైపు తోసుకుపోతుంటే మామ అడ్డం నిలబడ్డాడు.

"ఎటు?"

"పట్నం. గాలి పోయింది మామా."

"ముక్కు కారితె తుడ్సనీకె గూడ పట్నం వోతవా? రా ఇటు."

పశువులు నీళ్లు తాగే గోలెంలో ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో నాతోనే వెతికించాడు. అతుకు నాతోనే వేయించాడు. టైరు ఎక్కించేటప్పుడు పానా మొనతో నేను ట్యూబును నొక్కేసి ఇంకోచోట చింపాను. గాలి కొడితే మళ్లీ బుస్సుమంది. మామ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఒక్క పొక్క మూసి ఇంకో పొక్క వెట్టినవ్. సర్కారు చదువు గద బిడ్డా!" అన్నాడు. ఆ సాయంత్రం నాతో మూడుసార్లు విప్పించి మూడుసార్లు బిగింపించాడు. ఈనాటికీ నా బండి నేనే బాగుచేసుకుంటాను. నాకు వచ్చిన చదువుల్లో ఎవరి ముందూ చేతులు కట్టుకోకుండా నేర్చుకున్నది అదొక్కటే.

యుద్ధం వచ్చింది. రబ్బరంతా ఎటు పోయిందో, అంగళ్లలో ట్యూబులు మాయమయ్యాయి. మామ అతుకు మీద అతుకు వేశాడు. అతుకులకే అతుకులు వేశాడు. చివరికి ట్యూబు తీసి పారేసి టైరు నిండా దూది కూరాడు. ఊరంతా విడ్డూరంగా చూస్తే, "దూదేకులోని బండి దూది మీద నడ్వక దేని మీద నడుస్తది?" అన్నాడు. ఆరు మైళ్లకు దూది అణిగిపోయేది. జల్‌పల్లి చెరువు కట్ట మీద కూర్చుని, టైరు విప్పి, ఆ దూదినే మళ్లీ ఏకి, మళ్లీ కూరుకుని ముందుకు పోయేవాడు. అలా యుద్ధం పొడుగునా తిరిగాడు. ఏ కరువూ ఆయనను సైకిలు దింపలేకపోయింది.

దింపింది గడీ.

మా ఊరి నుంచి బడంగ్‌పేటకు పోయే బాటలో ఒక దొర గడీ ఉంది. ఆ ఊరి పేరు రాయను. పేరు రాసేంత గుండె నాకుంటే అసలు ఈ కథే ఉండేది కాదు. గడీ గోడ బాట వెంబడే చాలా దూరం సాగుతుంది. గోడ మొదలైన చోట ఎవరైనా దిగాలి. సైకిలైనా సరే, ఎడ్లబండైనా సరే. చెప్పులు చేతిలోకి, గొడుగు చంకలోకి, తలరుమాలు భుజం మీదికి. గోడ అయిపోయేదాకా నడవాలి. ఇది ఏ కాగితం మీదా లేదు. కాగితం మీద ఉంటే అర్జీ పెట్టుకునే వీలన్నా ఉండేది.

నేను దిగేవాణ్ణి. పంతులును కదా, కొంచెం ముందే దిగేవాణ్ణి.

మామ మాత్రం దిగేవాడు కాదు. గోడ మొదట్లోకి రాగానే ఆయన సైకిలు చైను పడిపోయేది. "అరె, మల్ల వడ్డది!" అని పెద్దగా అని, కిందికి దుమికి, వేలాడే చైనుతో గలగలమంటూ గోడ పొడుగునా తోసుకుపోయేవాడు. గోడ అయిపోయాక కూర్చుని రెప్పపాటులో చైను ఎక్కించి, మళ్లీ సీటు మీద ఉండేవాడు. గడీ ముందర విడవడం ఇష్టం లేక చెప్పులు తొడగడమే మానేశాడు. రుమాలు తలకు చుట్టక, జిడ్డు తుడుచుకోవడానికని హాండిలుకు చుట్టేవాడు. ఇలా ఎన్నో ఏళ్లు. చూసేవాళ్లకు ముసలాయన, పాత బండి.

నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. ఒకనాడు ఇద్దరం కలిసి పోతున్నప్పుడు ఉండబట్టలేక అడిగాను. "శుక్రవారం శుక్రవారం అంత మంచిగ బిగిస్తవ్ గద మామా, గీ చైను ఒక్కటి బిగించరాదా?"

ఆయన నా మొహంలోకి చూసి నెమ్మదిగా నవ్వాడు. పెడలును మడమతో వెనక్కి ఎలా తన్నితే చైను జారుతుందో చూపించాడు. చైను జారేలా వెనక చక్రాన్ని తనే ముందుకు జరిపి పెట్టుకున్నాడట.

"బిగిస్తె నేను దిగాలె బిడ్డా. ఇప్పుడు నేను దిగుతలేను. సైకిలు నన్ను దింపుతున్నది. గీ ముచ్చట నీ కడుపుల వెట్టుకో."

కడుపులో పెట్టుకోమన్నదాన్ని నేను విస్తరిలో వడ్డించాను. ఒక పెండ్లి బంతిలో కూర్చున్నాం. నాకు కథలు చెప్పడం వచ్చు, నలుగురూ వింటుంటే ఇంకా బాగా వస్తుంది. మడమ వెనక్కి తన్ని చూపించాను. "మల్ల వడ్డది" అని మామ గొంతుతోనే అన్నాను. నవ్వలేక కొందరికి పొలమారింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు గడీ గుమాస్తా. అతను బంతిలో ఉన్నాడని నాకు తెలియక కాదు. గడీ మనిషిని కూడా నవ్వించగలనని చూపించుకోవడానికే చెప్పాను. చదువుకున్నవాడి బుద్ధి అంత గొప్పగా ఉంటుంది.

వారం తిరగలేదు. నేనూ మామా గడీ దగ్గరికి వచ్చాం. నేను దిగి చెప్పులు చేతిలోకి తీసుకున్నాను. ఆయన చైను పడింది. గోడ సగం నడిచామో లేదో, గుమాస్తా చేయి ఊపి పిలిచాడు. దొర ముందటి అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"ఏమైందిర?"

"చైను వడ్డది దొరా."

"రోజు వడ్తదట గద."

"పాత బండి దొరా."

"పాపం, ముసలి పానం. ఎన్నొద్దులు వడ్తవ్ గీ తిప్పలు? బండి ఈడ వెట్టిపో. మావోడు మంచిగ జేస్తడు."

"నేనే జేసుకుంట దొరా. నాకొస్తది."

"నీకొస్తె రోజు ఎందుకు వడ్తదిర?"

బాగుచేయడం రాదంటే బండి పోతుంది. వచ్చునంటే నాటకం బయటపడుతుంది. జీవితంలో ఏ నట్టు దగ్గరా తడబడని మనిషి అక్కడ తడబడ్డాడు. దొర నావైపు తిరిగాడు.

"ఏం సారూ, నువ్వు సూస్తనే ఉంటవ్ గద. రోజు వడ్తదా?"

నా చేతిలో చెప్పులున్నాయి. "అవ్ దొరా" అన్నాను.

గుమాస్తా సైకిలును లోపలికి తోసుకుపోయాడు. మామ అప్పటికే విల్లు విప్పుకుని భుజాన పెట్టుకున్నాడు. గోడ అయిపోయింది. ఎవరికి చెప్పినవ్ అని అడుగుతాడని చూశాను. అడగలేదు. నేను బండి తోసుకుంటూ పక్కనే నడుస్తుంటే, "నువ్వు ఎక్కి పో సారూ. నీకు పనుంటది" అన్నాడు.

సారూ. ఆ పిలుపు తర్వాత మూడేళ్లు బతికాడు, మళ్లీ బిడ్డా అనలేదు.

సైకిలు కోసం గడీకి ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. "ఇంక కాలే", "సామాను రావాలె" అనేవారు. ఒకసారి నేనూ వెంట పోయాను. మామ దర్వాజా ముందు వంగి, "నీ బాంచెన్ దొరా, నా బండి ఇప్పియ్యిరి" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండడానికే ఆయన అన్నేళ్లు చైను పడేసుకున్నాడు. ఆ రోజు అది కూడా అయిపోయింది. లోపల పశువుల కొట్టం గోడకు సైకిలు ఆనించి ఉంది. దాని మీద ఎవరివో తడి ధోతులు ఆరుతున్నాయి. టైరు చీలిన చోట దూది బయటికి వచ్చి నల్లబడింది.

నా సైకిలు తీసుకోమని బతిమాలాను. ఒకసారి కాదు, ఇంటిముందు పెట్టి కూడా వచ్చాను. తెల్లారేసరికి అది మా గోడకే ఆనించి ఉండేది. ముందు చక్రంలో గాలి తక్కువుంటే కొట్టి మరీ పెట్టేవాడు. ఒక్కసారే జవాబిచ్చాడు: "ఫికర్ వడకు సారూ. కాళ్లున్నయి గద."

ఆ కాళ్లతోనే మూడేళ్లు తిరిగాడు. మూడూళ్లు మళ్లీ ఒక ఊరయ్యాయి. అయినా గడీ బాట మానలేదు. చుట్టుదారిలో పొమ్మని అల్లుడు చెప్పినా వినలేదట.

ఆయనను తీసుకురావడానికి ఆయన అల్లుడూ నేనూ బడంగ్‌పేట పోయాం. కబురు తెచ్చిన రైతే తన ఎడ్లబండి కట్టాడు. కింద గడ్డి పరిచి, మామను పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పాం. ఏకుతానని వచ్చి ఏకకుండానే పోయిన దూదిని ఆ రైతు భార్య తల కింద పెట్టింది.

పొద్దు వాలే వేళకు గడీ దగ్గరికి వచ్చాం. గోడ మొదలయ్యే చోట రైతు కిందికి దిగి ఎడ్ల ముకుతాడు పట్టుకున్నాడు. అల్లుడు దిగాడు. నేనూ సైకిలు దిగాను. నడుస్తున్నాం. దర్వాజా దగ్గరినుంచి గుమాస్తా కేక వేశాడు.

"బండ్ల పండుకున్నోడెవడుర? దిగుమను వాన్ని!"

నేను ఆ కేకకు జవాబు చెప్పవలసినవాణ్ణి. మూడేళ్లుగా నేను ఆయనకు బాకీపడ్డ జవాబు అది. ముకుతాడు పట్టుకున్న రైతు తల కూడా తిప్పకుండా అన్నాడు:

"గాయిన దిగడు."

ఎడ్లు ఆగలేదు. గుమాస్తా మళ్లీ అరవలేదు. బండి పొట్టిది, మామ పొడుగు మనిషి. దుప్పటి చాలక పాదాలు రెండూ బండి వెనకకు బయటికి ఉన్నాయి. పగుళ్లలో ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది. ఆ అరికాళ్లు నా మొహానికి ఎదురుగా ఊగుతుంటే, వాటి వెనకాలే, చెప్పులు చేతిలో పట్టుకుని, గోడ అయిపోయేదాకా నడిచాను.