లా రోష్ మలుపులో అగ్నిపర్వతం

అన్సెల్మ్ నోట ఫ్రాన్సులోని తన కాంటాల్ జిల్లా కథ ఒకసారి మొదలైతే ఆపడానికి ఏ బ్రేకూ పనిచేయదు. శనివారం ఓరియాక్ సంతకు వెళ్లే బస్సుకు ఆయన డ్రైవరు. టైమెంతయిందని అడిగితే, కోటి సంవత్సరాల కిందటి అగ్నిపర్వతం దగ్గర మొదలుపెడతాడు.

నడుపుతూ చెబితే జనం భరించేవారే. లా రోష్ మలుపులో మాత్రం ఇంజను ఆపి, జనం వైపు తిరిగి మరీ చెబుతాడు.

"మనం కూర్చున్నది చచ్చిన అగ్నిపర్వతం వీపు మీద..."

"మేం చచ్చేది మాత్రం నీ బస్సులోనే!" అంటుంది చీజ్ గంపతో మార్సెలిన్. ఆలస్యమైతే సంతలో చర్చి పక్క చోటు ఇంకొకరిది అవుతుంది.

"ఆగమ్మా. ఈ లోయలో గొర్రెలు కాసినవాడు పోప్ అయ్యాడు!"

"ఈ బస్సెక్కి ఉంటే రోము చేరేవాడా?"

పోప్ తర్వాత, పారిస్ వెళ్లి బొగ్గులమ్మిన మనవాళ్లు. ఆ తర్వాత ఇక్కడి సలెర్ జాతి ఆవులు. "దూడను ముందుకాలికి కట్టి కళ్లెదుట నిలబెడితే తప్ప చుక్క పాలివ్వదు. పౌరుషమంటే..." అంటూ సగంలోనే నోరు మూసి బండి కదిలిస్తాడు. ఆ పౌరుషం సంగతి ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదు.

ఒక శనివారం ఆయన గొంతు పోయింది. మలుపులో ఇంజను ఆపి వెనక్కి తిరిగాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. కంగారుగా పక్క అద్దంలోకి చూశాడు. మార్సెలిన్ కూడా చూసింది.

కొండదారిలో బూడిదరంగు గొడుగు. ప్రతి శనివారం ఈ మలుపులో ఎక్కే యూజెనీ అవ్వ. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఆగి ఆగి దిగుతోంది.

కిందటేడు ఎవరో "అవ్వ వస్తోంది, బస్సాపండి" అని కేకేసినందుకు, "నా కోసం ఆపడానికి నేనేమైనా కుంటిదాన్నా?" అని వెనక్కి తిరిగి కొండెక్కేసింది. చలికాలమంతా సంత ముఖం చూడలేదు.

బస్సులోంచి కథ వినిపించకపోయేసరికి, తన కోసమే ఆపారనుకుందేమో, గొడుగు టక్కున ఆగింది.

మార్సెలిన్ గంప పక్కన పెట్టి లేచింది. "మనం కూర్చున్నది చచ్చిన అగ్నిపర్వతం వీపు మీద!" అని కిటికీలు అదిరేలా అరిచింది. "మనవాళ్లు పారిస్‌లో బొగ్గులమ్మారు! ఆ తర్వాత... గొర్రెలు..."

గొడుగు మళ్లీ కదిలింది. అవ్వ రొప్పుతూ ఎక్కింది.

"నీకూ అంటుకుందా ఈ రోగం? పాపం, వీళ్లకి సంత లేదనుకున్నావా?"

"కూర్చో అవ్వా, అయిపోవచ్చింది."

అన్సెల్మ్ బండి కదిలించాడు. అద్దంలో మార్సెలిన్‌ను చూసి, ఉన్న గాలంతా కూడదీసుకుని గుసగుసలాడాడు.

"వరస తప్పావు. ముందు పోప్. బొగ్గులు తర్వాత."