సింహాలు చూసిన శనివారం

ఆఫ్రికా వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ప్లెయిన్స్‌బరోలో నన్ను భోజనానికి పిలవని తెలుగు ఇల్లు లేదు. పిలిచిన ప్రతి ఇంట్లోనూ పెరుగన్నం అయ్యాక నా ఫోన్‌ని వాళ్ల టీవీకి కనెక్ట్ చేయమంటారు. మూడు వారాలు నేను అక్కడ ఒక చిన్న ఆస్పత్రిలో పిల్లలకి వైద్యం చేశాను. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

"ఆంటీ, లయన్ ఎంత క్లోజ్‌గా వచ్చింది?"

"జీప్ టాప్ ఓపెన్ చేశారా డాక్టర్ గారూ? భయం వెయ్యలేదూ?"

ఫొటోలు చూపిస్తాను. ఒక సింహం, దాని పక్కన ఇంకో సింహం, రెండూ వెల్లకిలా పడి నిద్రపోతుంటాయి. అందరూ ఆహా అంటారు. ఆ ఫొటో తీసింది శనివారం ఉదయం ఏడూ ఇరవైకి. మా వాళ్లెవరికీ ఆ టైంతో పని లేదు. నాకు మాత్రం ఏ ఇంట్లో చూపించినా ముందు గుర్తొచ్చేది ఆ టైమే.

సేవ చేయడానికి వెళ్లానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ముప్పై రెండేళ్లు న్యూజెర్సీలో పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మావారు పోయి నాలుగేళ్లయింది. పెరట్లో టమాటా మొక్కలకి నీళ్లు పోస్తూ, పక్కింటి కుక్కని కసురుతూ ఎంతకాలం గడుపుతాను? ఊసుపోక వెళ్లాను. టాంజానియాలో, ఎర్రమట్టి రోడ్డు చివర, రెండే వార్డులున్న ఆస్పత్రి. అక్కడ నేను కాక ఇంకొక తెలుగాయన ఉన్నారు. అమెరికాలోనే రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి మానేసి, ఆస్పత్రి రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి వచ్చారు. రోజూ పెట్టే మొక్కజొన్న పిండి ముద్దలో తను తెచ్చుకున్న కందిపొడి కలుపుకుని, నాకూ ఒక చెంచా వేసేవారు. మంచి మనిషి. ఆయన మీద నాకు కోపమేమీ లేదు, ఉంటే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

నేను వెళ్లిన రెండో రోజున ఒక పిల్లని తీసుకొచ్చారు. ఏడేళ్లుంటాయి. గొంతునొప్పి వచ్చినప్పుడు సమయానికి పెన్సిలిన్ పడకపోతే, కొందరు పిల్లల్లో కొన్నాళ్లకి గుండె కవాటం పాడైపోతుంది. అమెరికాలో నా సర్వీసు మొత్తంలో అలాంటి కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అక్కడ వారానికొకటి. ఆ పిల్ల పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. పడుకుంటే ఆయాసం. అందుకని తల్లి మంచం మీద అటు తిరిగి కూర్చునేది, పిల్ల ఆవిడ వీపుకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. తల్లి రాత్రంతా కదిలేది కాదు.

మందులతో నీరు తీసి ఆయాసం తగ్గించాను. కానీ ఆ గుండెకి కావలసింది మందు కాదు, ఆపరేషన్. దానికి ఒకటే దారి ఉంది. తొమ్మిది గంటల దూరంలో ఉన్న పెద్ద ఊరి ఆస్పత్రికి ఏడాదికొకసారి విదేశాల నుంచి గుండె సర్జన్లు వస్తారు, అయిదు రోజులు ఆపరేషన్లు చేసి వెళ్లిపోతారు. ఈసారి వాళ్లు వచ్చేది నేనక్కడ ఉండే మూడో వారంలోనే. నా పాత పరిచయాలన్నీ తవ్వి, ఫోన్లు చేసి, మెయిళ్లు రాసి, పోట్లాడి ఆ పిల్ల పేరు లిస్టులో ఎక్కించాను. శనివారం ఉదయం ఏడింటికి మా ఆస్పత్రి వాన్ అటు వెళ్తుంది. తల్లీ పిల్లా అందులో ఎక్కితే చాలు. హెడ్ నర్సు అన్నీ వాళ్ల భాషలో విడమరిచి చెప్పింది. తల్లి నా రెండు చేతులూ తన నుదుటికి ఆనించుకుంది.

"ఇంక మీరు చెయ్యాల్సిందేముంది డాక్టర్ గారూ?" అన్నారు రెడ్‌మండ్ ఆయన. "ఇంత దూరమొచ్చి సఫారీ చూడకుండా వెనక్కెళ్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఇద్దరికీ బుక్ చేసేశాను. ఫ్రైడే మధ్యాహ్నం స్టార్టయితే మండే కల్లా వచ్చేస్తాం."

నర్సు కూడా వెళ్లిరమ్మంది. రెండు వారాలుగా ఒక్కరోజు కూడా సెలవు తీసుకోలేదన్నది. నిజమే కదా అనుకున్నాను. నేనున్నా లేకపోయినా వాన్ కదులుతుంది.

శుక్రవారం మధ్యాహ్నం బయట జీపు హారన్ కొడుతుంటే, పిల్లని ఒకసారి చూసిపోదామని వార్డులోకి వెళ్లాను. నర్సు టీకి వెళ్లింది. తల్లి లేచి నిలబడి ఏదో అడిగింది. నాకొచ్చిన స్వాహిలీ మహా అయితే ఇరవై మాటలు. అందులో 'కేషో' అంటే రేపు అని తెలుసు. "డక్తారీ, కేషో?" అంటోంది. రేపే కదా ప్రయాణం అని అడుగుతోందనుకుని అవునన్నట్టు తలాడించాను.

ఇక సెలవు తీసుకోవాలి. సెలవు తీసుకోవడానికి వాళ్ల మాట 'క్వహేరి'. ఆ మాట నాకు వచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ జబ్బు మనిషి మంచం దగ్గర నిలబడి వెళ్తున్నాను అనడం మా ఇంటావంటా లేదు. చిన్నప్పుడు గుమ్మం దాటుతూ "పోతున్నానమ్మా" అంటే మా అమ్మ నెత్తిన మొట్టి, "అవేం మాటలే, వస్తానను" అనేది. అమెరికా వచ్చి ఇన్నేళ్లయినా, ఎవరింటి నుంచి బయల్దేరినా చెప్పులేసుకుంటూ "వస్తానండీ" అనే అంటాను. వెళ్లిపోతూ వస్తానంటాం. అది విన్నవాళ్లెవరూ మళ్లీ వస్తామని కాచుక్కూర్చోరు.

వస్తాను అన్నదానికి స్వాహిలీలో నాకు తెలిసిన మాట 'నకూజా'. పిల్ల తల నిమిరి అదే అన్నాను. తల్లి ముఖం వెలిగిపోయింది. చాలా మంచి మాట చెప్పానని నాకు నేనే మురిసిపోతూ జీపెక్కాను.

ఆ మూడు రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. అది రాయకపోతే ఈ రాతంతా దండగ. శనివారం తెల్లవారకముందే లేపి తీసుకెళ్లారు. గడ్డి మీద మంచు. దూరంగా జిరాఫీలు తలలు తిప్పి మమ్మల్ని చూసి, పట్టించుకోదగ్గ మనుషులు కామని తేల్చుకుని మళ్లీ మేతలో పడ్డాయి. రెడ్‌మండ్ ఆయన, "ఈ సింహాలు మా మేనేజర్ లాగా ఉన్నాయండీ, ఎప్పుడు చూసినా నిద్రే" అంటే పొట్ట పట్టుకుని నవ్వాను. మావారు పోయాక అంతగా నవ్వింది అప్పుడే. ఫోన్‌కి సిగ్నల్ లేదు. లేకపోవడమే హాయి అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం తిరిగొచ్చి జీపు దిగేసరికి, వార్డు బయట బెంచీ మీద ఆ తల్లి కూర్చుని ఉంది. ఆవిడ వీపుకి ఆనుకుని పిల్ల. నన్ను చూడగానే ఆవిడ లేచి, పిల్లకి నన్ను వేలు పెట్టి చూపించి నవ్వింది.

 లోపలికెళ్లి నర్సుని పట్టుకుని, వీళ్లిక్కడ ఎందుకున్నారని అరిచాను.

నర్సు నన్ను ఎగాదిగా చూసింది. "మీరే వస్తానన్నారు కదా? రేపు మాతో నువ్వు కూడా వస్తావా డక్తారీ అని ఆవిడ అడిగిందట. వస్తున్నానని మీరు తలూపి మరీ చెప్పారట. శనివారం పొద్దున, డక్తారీ రాదు, నువ్వు వాన్ ఎక్కు అంటే ఎక్కలేదు. డక్తారీ వస్తోంది, ఆమె లేకుండా నా పిల్లని ఆ ఊళ్లో ఎవరు చూస్తారు అంది. మీకు ఫోన్ చేస్తే కలవలేదు. డ్రైవర్ అరగంట ఆగాడు. లోపల ఇంకా నలుగురు పేషెంట్లున్నారు, వెళ్లిపోయాడు."

ఏడున్నర దాకా వాన్ అక్కడే ఆగి ఉందన్నమాట. ఏడూ ఇరవైకి నేను నిద్రపోతున్న సింహాలకి ఫొటో తీస్తున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ సాయంత్రమంతా ఫోన్లు చేశాను. ఆ పిల్ల రాలేదని ఆదివారమే ఆ చోటు ఇంకొక పిల్లవాడికి ఇచ్చేశారు. రాత్రికి రాత్రి కారులో తీసుకొస్తానన్నాను. బతిమాలాను. అవతలి మనిషి చాలా మర్యాదగా, వచ్చే ఏడాది మొదటి పేరు ఈ పిల్లదే రాస్తామంది. వచ్చే ఏడాది దాకా ఆ గుండె తట్టుకోదని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. ఇద్దరం థాంక్యూ చెప్పుకుని పెట్టేశాం.

నా మాట వల్లే ఇలా జరిగిందని తల్లికి చెప్పమని నర్సుని అడిగాను. ఆమె ఒప్పుకోలేదు. "చెబితే మీ బరువు దిగుతుంది. ఆవిడకేం ఒరుగుతుంది? ఆలస్యమైనా డక్తారీ వచ్చింది అనుకుంటోంది. అదైనా ఉండనివ్వండి" అంది. నాకు స్వాహిలీ రాకపోవడం ఆ ఒక్కసారే మంచిదనిపించింది. ఎంత పిరికిదాన్నో అప్పుడు తెలిసింది.

ఇంకో అయిదు రోజులున్నాను. రోజూ మందు మోతాదు మార్చేదాన్ని, పాదాలు నొక్కి చూసేదాన్ని. ఉబ్బు మళ్లీ మొదలైంది. పిల్ల నా స్టెతస్కోపుతో ఆడుకునేది. చివరి రోజు తల్లి నీళ్లు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్లిన సమయం చూసి, పిల్ల నిద్రపోతుండగా, ఎవరికీ ఏ మాటా చెప్పకుండా వచ్చేశాను.

నేను న్యూజెర్సీ చేరిన ఆరో వారంలో నర్సు మెసేజ్ పెట్టింది. అప్పుడు కాస్ట్‌కో పార్కింగ్ లాట్‌లో డిక్కీలోకి బియ్యం మూట ఎత్తుతున్నాను. రెండే లైన్లు. తెల్లవారుజామున, తల్లి వీపు మీదే, నిద్రలోనే అని. మూట డిక్కీలో పడేసి కారులో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి బియ్యం డబ్బాలో పోశాను.

మళ్లీ ఎప్పుడు వెళ్తారని ఇక్కడందరూ అడుగుతారు. చూద్దాం అంటాను. వెళ్లను. ఆవిడ ముందు నిలబడే ముఖం నాకు లేదు.

పోయిన నెల నర్సు మళ్లీ రాసింది. ఆ తల్లి రెండో పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చిందట. నాలుగేళ్ల పిల్ల, గొంతునొప్పి, జ్వరం. నర్సు చూస్తానంటే పిల్లని చేతికివ్వడం లేదట. బయట బెంచీ మీద కూర్చుని, డక్తారీ వస్తానంది కదా, వచ్చాక చూపిస్తాను అంటోందట.

వెంటనే పెన్సిలిన్ మొదలుపెట్టండి, పది రోజులూ ఆపొద్దు, నేనిక రానని ఆవిడకి ఈసారైనా స్పష్టంగా చెప్పండి అని రాశాను.

సాయంత్రానికి జవాబొచ్చింది. చెప్పిందట. ఆవిడ నవ్వి, కిందటిసారి కూడా రాదనే చెప్పారు, మూడో రోజుకి వచ్చింది కదా అని అక్కడే కూర్చుందట.