మీటరులో ఎక్కిన పంతొమ్మిది కిలోమీటర్లు

మూడు సైకిలు షాపులవాళ్ళు పనికిరాదని పారేసిన రిమ్ముకు పద్నాలుగో ఏట పొద్దుణ్ణుంచి పొద్దుగూకేదాకా కూర్చుని బెండు తీశాడు. అదీ బెండు మేస్త్రి మొదటి గెలుపు. పేరు కూడా ఆనాడు వచ్చిందే. తర్వాత నలభై ఆరేళ్ళలో పోస్టుమాన్ల సైకిళ్ళు, పందేల సైకిళ్ళు, ఒకసారి లారీ కింద నలిగిన సైకిలు, అన్నీ ఆయన చేతిలో లేచి తిరిగాయి. చదువు అయిదో తరగతే. ఆ చెయ్యి పడితే చక్రం వంకర తిరగదని మాత్రం ఊరంతా ఒప్పుకుంది.

అరవయ్యో ఏట సముద్రం దాకా తొక్కి వెనక్కి వచ్చాడు. పదకొండు రోజులు. ముందు చక్రానికి బిగించిన మీటరు లెక్కన ఎనిమిది వందల కిలోమీటర్లు.

టైలరు బావమరిది ఆ మీటరును అద్దాల పెట్టెలో పెట్టి మేస్త్రి షాపు గోడకు తగిలించాడు. కింద ఎర్ర గుడ్డ మీద '800' అని కుట్టాడు.

"బావా, ఇక నీకు ప్యాంటు కుట్టేది లేదు. విగ్రహానికే కొలతలు తీసుకుంటా."

మేస్త్రికి నవ్వు రాలేదు. ఆ పెట్టె కంటపడితే ఒళ్ళు కంపరమెత్తుతోంది. వచ్చినవాళ్ళంతా "మొత్తం తొక్కుడేనా మేస్త్రీ?" అంటారు. తను తలూపుతాడు. ఆ తల మీదే రోత.

తిరుగుదారిలో కొండ ఎక్కుడు దగ్గర, వానలో, మోకాలు మొరాయించింది. గడ్డి లారీ ఆపి సైకిలుతో సహా ఎక్కాడు. పంతొమ్మిది కిలోమీటర్లు. అందుకు సిగ్గుపడలేదు. ఇంటికొచ్చిన మర్నాడు షాపు షట్టరు సగం దించి, సైకిలును తలకిందులు చేసి, ముందు చక్రాన్ని గంటన్నర చేత్తో తిప్పాడు. మీటరులో పంతొమ్మిదీ నిండాయి. సిగ్గల్లా ఆ తిప్పినందుకే.

"ముద్ద దిగట్లేదేం?" అడిగింది భార్య.

"వెగటుగా ఉంది. ఆ పెట్టె చూస్తే."

"పెట్టె ఏం చేసింది పాపం. తిప్పిన చేతినడుగు."

"చూశావా?"

"టీ పట్టుకుని షట్టరు బయట నుంచున్నా. చల్లారిపోయింది. తీసుకుపోయి పారబోశా."

ఆ సాయంత్రం పోస్టుమాన్ వంకరపోయిన చక్రం తెచ్చాడు. మేస్త్రి ఒక్కసారి తిప్పి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు. నలభై ఆరేళ్ళుగా అన్నం పెట్టిన పని చేదెక్కింది.

పెట్టెనూ ఎర్ర గుడ్డనూ దించి బావమరిది కొట్టుకు పట్టుకెళ్ళాడు.

"కుట్లు విప్పరా. నేను తొక్కింది ఏడువందల ఎనభై ఒకటే. మిగతాది ఈ చేత్తో తిప్పాను."

బావమరిది ఆ చేతిని చూశాడు. తర్వాత కత్తెర తీశాడు. "మరేం కుట్టను?"

"వచ్చాక చెబుతా."

మర్నాడు పొద్దున్నే సైకిలు బస్సు మీద వేయించుకుని కొండ కిందికి బయల్దేరాడు. మూసిన షట్టరు మీద సుద్దముక్కతో రాసింది ఇదీ: 'ఎక్కుడు బాకీ ఉంది. పోస్టుమాన్ గారి చక్రం వచ్చాక. బయల్దేరింది పన్నెండో తారీఖు, మంగళవారం.'