పడవ బండికి జీపు చక్రాలు

మేట్టుపాళయం దాటి భవాని ఒడ్డున దిగేసరికి ఉదయం ఆరున్నర. వాన ఆగలేదు. సైన్యం తరఫున వరద సాయం డ్యూటీ. మేం ఆరుగురం, ఒక ట్రక్కు, దాని వెనక ట్రెయిలర్, ట్రెయిలర్ మీద మోటారు పడవ. పోదనూరులో మా ఇల్లు అక్కడికి గంటన్నర దూరం. నా సర్వీసంతటిలో ఇంటికి అంత దగ్గరగా డ్యూటీ పడటం అదొక్కసారే.

వక్కతోట అవతల ఒక మోటారు గది. కప్పు మీద ముగ్గురు. నీళ్లు కిటికీ దాటాయి.

తోట యజమాని మాలాగే తరాలుగా తమిళ నేల మీద ఉన్న తెలుగువాడే. పరుగెత్తుకొచ్చాడు. "మా తోటలో పని చేసేవాళ్లప్పా. తల్లి, కొడుకు, కోడలు. సీక్రం ఏమన్నా చేయండి!"

నీటికీ మాకూ మధ్య దున్నిన పొలం. ట్రక్కు బురదలో నడిచింది. ట్రెయిలర్ నడవలేదు. తారు రోడ్డు కోసం పెట్టిన చిన్న చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. పడవను చేతుల మీద మోయడం ఆరుగురి వల్ల కాదు.

నేను పదితో బడి మానేసినవాణ్ణి. కానీ కోయంబత్తూరు గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకాలు తమిళంలో ఉన్నన్నీ చదివాను. చక్రం పెద్దదై, వెడల్పైతే బరువు నేల మీద పరుచుకుంటుంది. అంత లోతుకు దిగదు. ఆ మాటే సుబేదారుకు చెప్పాను. వర్క్‌షాప్‌ను అడగమన్నాడు. వైర్‌లెస్‌లో పలికిన హవల్దారుది గుంటూరు.

"ఆ ట్రెయిలర్‌కు పెద్దవి వేయడానికి వీలు లేదు. ఓవర్."

సుబేదారు తమిళుడు. "వీల్ ఇల్లయాం సార్," అన్నాను, వీల్ లేదట అని.

"ఇల్లన్నా తేడుడా!" అని అరిచాడు. లేకపోతే వెతకమని.

మా ఇళ్లలో 'వీలు' అనే మాట లేదు. కుదరనిదాన్ని 'ముడియదు' అంటాం. వీల్ అంటే బండి కింద తిరిగేది ఒక్కటే. పెద్ద చక్రాలకు ఇరుసు తట్టుకోదు, వేయొద్దని హవల్దారు ఆర్డరు. నాకు మాత్రం స్టోరులో చక్రాలు లేవని అర్థమైంది. తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకుని, నిఘంటువులో ఆ మాట వెతికి చూసింది చాలా ఏళ్ల తరువాత.

వెతికాం. యజమాని ట్రాక్టర్ తొట్టి చక్రం దొర్లించుకొచ్చాడు. బోల్టు రంధ్రాలు కలవలేదు. మా ట్రక్కు స్టెప్నీ కూడా అంతే. ఆయన పాత జీపు చక్రం పెట్టి చూశాం. పదహారు అంగుళాలు, అయిదు రంధ్రాలు. కలిశాయి. కానీ టైరు మడ్‌గార్డ్‌కు ఒరుసుకుంది. గడ్డపారతో మడ్‌గార్డ్ పెరికేశాం.

"అప్పా, అది సర్కారు సొత్తు గదా!" అన్నాడు యజమాని.

"నీ జీపు కూడా ఇప్పుడు సర్కారుదే, పట్టు సామీ!" అన్నాడు మా డ్రైవర్.

జాకీ బురదలో దిగబడింది. కింద వక్కదుంగలు వేశాం. ఒక చక్రం ఎక్కింది. రెండో వైపు ఒక నట్టు తుప్పుపట్టి కదల్లేదు. ఇద్దరం పైపు తగిలించి, దాని మీద నిలబడి తిప్పాం. గంటకు పైగా పోయింది. చివరికి టైర్లలో సగం గాలి తీశాం. ట్రక్కు లాగింది. ట్రెయిలర్ లేచింది.

పెద్ద చక్రాల వల్ల పడవ ఇంకా ఎత్తున కూర్చుంది. అది తేలడానికి ట్రెయిలర్‌ను నడుములోతు దాకా తోయాల్సి వచ్చింది.

చేరేసరికి కప్పు మీద నీళ్లు పారుతున్నాయి. ఇద్దరే ఉన్నారు. కొడుకు తన పంచెను చింపి, ఆడవాళ్లిద్దరినీ మోటారు పైపుకు కట్టాడు. తనను కట్టుకోవడానికి ఏమీ మిగలలేదు.

పడవలో కోడలు నాతో అంది: "మీరు బండి కాడ చేసేదంతా మాకు కనబడతా ఉండిందన్నా. అత్తకు బయం కాకుండా ఆయన చెప్తా ఉండినాడు. 'ఒక చక్రం ఎక్కిందమ్మా, ఇంకొకటే' అని."

నీళ్లు తగ్గాక మా దళం వెనక్కి వెళ్లింది. హవల్దారు ట్రెయిలర్ చుట్టూ తిరిగి చూశాడు. "వీలు లేదన్నాను గదయ్యా," అన్నాడు. ఇరుసును చేత్తో తడిమాడు.

పింఛనుతో పోదనూరు చేరాను. ఒక్కటి మాత్రం నన్ను విడవలేదు. నట్టు మీద నుంచి తల ఎత్తినప్పుడల్లా ఆ కప్పు మీద అతను కనిపించేవాడు. మా వైపు చూసేవాడు. తల్లి చెవి దగ్గరికి వంగేవాడు. మళ్లీ మా వైపు చూసేవాడు.